పండుగకు ముందు తెంపని చిక్కుడుకాయ

రండి, చాప మీదికి జరగండి. గుమ్మంలో నిలబడి వింటే సగం మాట వీధిలోకి పోతుంది. ఆ ఫోన్ కాసేపు బోర్లా పెట్టండి. యూనివర్సిటీ వాళ్ల పరిశోధన కేంద్రంలో పని దొరికిందని మీరు మిఠాయి పట్టుకొచ్చారు, నోరు తీపి చేశారు. పోతూ పోతూ, "అక్కడ మేం చేసేదేంది పెద్దమ్మా?" అని అడిగారు. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినట్టే రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మా ఆయన బొగ్గు బావిలో పనిచేసేవాడు. పొద్దున్నే ఆయన భూమి కిందికి దిగితే నేను టిఫిన్ డబ్బా పట్టుకుని పినపాక దారిలో అడవి అంచున ఉన్న మా కేంద్రానికి పోయేదాన్ని. కూలికి చేరి, అటెండర్‌గా రిటైరయ్యాను. మధ్యలో నా కాగితాలు ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు పడుకున్నాయో ఆ గోల మీకెందుకు? పని సంగతి చెబుతాను.

సీసాలు కడిగేవాళ్లు, దారాలు కట్టేవాళ్లు

బయటివాళ్లకు యూనివర్సిటీ అంటే పాఠాలు చెప్పే సార్లు, చదువుకునే పిల్లలు. లోపలికి వస్తే కదా తెలిసేది, ఒక్క సారు పేపరు రాయడానికి వెనక ఎంతమంది ఉంటారో! ల్యాబులో సీసాలు కడిగేవాళ్లు, మడులు కొలిచేవాళ్లు, జీపు నడిపేవాళ్లు, అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు, ఊళ్లలో తిరిగి రైతును బతిమాలి చేను అడిగేవాళ్లు. ఇంటర్ చదివితే ల్యాబులో పని ఉంటుంది, డిగ్రీ ఉంటే ప్రాజెక్టులో ఉంటుంది. నాలాంటివాళ్లకు మడిలో ఉంటుంది. ఏ పనీ చిన్నది కాదని నేను అబద్ధం చెప్పను. చిన్నగా చూసేవాళ్లు ఉంటారు. టీ తెమ్మంటారు, పేరు మర్చిపోతారు. అట్లాంటివాళ్లకు టీ ఇచ్చేయండి, మనసు ఇవ్వకండి.

ఇంకో మాట. ప్రాజెక్టులో పని ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటుంది. చేరే రోజే నోరు తెరిచి అడగండి, "సార్, ఇది ఎప్పటిదాకా?" అని. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుని, తర్వాత గేటు దగ్గర నిలబడి ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను.

ఇంట్లో మంచిదనుకున్న అలవాటు అక్కడ చెడ్డదవుతుంది. కడిగిన గిన్నెను కొంగుతో తుడుస్తాం కదా? ల్యాబులో కడిగిన సీసాను కొంగుతో తుడిచారో, అది మళ్లీ మాసినట్టే. దాన్ని బోర్లించి, దానంతట అదే ఆరనివ్వాలి. చేతులు ఊరికే ఉండవు మనకు, అదే కష్టం.

మంగమ్మ జాలి

మా మంగమ్మ సంగతి చెబితే ఇది బాగా తెలుస్తుంది. మంగమ్మ మా కూలీలందరికీ పెద్దది, కొడవలి పడితే మగవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవారు. అప్పుడు మా కేంద్రానికి పెద్ద సారు భాస్కరరావు గారు. కోస్తా వైపు మనిషి. గొంతు లేస్తే చెరువవతల కొంగలు ఎగిరేవి.

ఆ ఏడు రకరకాల వరిని పక్కపక్కనే చిన్న చిన్న మడుల్లో వేశారు. ఏ రకం ఎంత పండుతుందో చూడాలి. కోత రోజు ఏ మడిది ఆ మడికి విడిగా కుప్ప వేయాలి. మడి చుట్టూ అంచు వరసలు మాత్రం కోయకూడదు. అంచున ఉన్న దుబ్బుకు ఎండా గాలీ ఎక్కువ తగులుతాయి, అది బాగా పండుతుంది, లెక్క తప్పుతుంది. అందుకని వదిలేస్తారు. ఇది సార్లకు తెలుసు. మంగమ్మకు ఎవరూ చెప్పలేదు.

సార్లు భోజనానికి పోయి వచ్చేసరికి అంచు వరసలన్నీ కోసి ఉన్నాయి. కుప్పలన్నీ అక్కచెల్లెళ్లలాగా ఒక్క ఎత్తున ఉన్నాయి. భాస్కరరావు సారు గట్టు మీద నిలబడిపోయారు.

"మంగమ్మా, ఏంటిది?"

"మర్చిపోయి ఇడిసిపెట్టిన్రు సారూ, మంచి గింజ. నేనే కోసిన."

"కోసి?"

"కుప్పలకు పంచిన. గీ మూలకున్న మడి పాపం బక్కగున్నది సారూ, కొంచెమే పండింది. దానికి జర ఎక్కువేసిన."

మేమంతా తలలు దించుకున్నాం. ఇప్పుడు కొంగలు లేస్తాయి అనుకున్నాం. ఆయన అరవలేదు. గట్టు మీద కూర్చుని, టోపీ తీసి, నవ్వలేక ఏడవలేక మొహం తుడుచుకున్నారు. ఒక పంట కాలం లెక్కంతా పోయిందాయనకు.

"నీది తప్పు కాదమ్మా. నీకు చెప్పకపోవడం నాది తప్పు. కానీ ఇది విను. బక్క మడిని బక్కగానే ఉండనివ్వాలి. దాని మీద జాలిపడకుండా ఉండడానికే మనకు ఇక్కడ జీతం ఇస్తారు."

"గదేం ఉద్యోగం సారూ?" అంది మంగమ్మ. ఆయనకు అప్పుడు నవ్వొచ్చింది.

ఆ రోజు నుంచి ఆయన ప్రతి కోతకు ముందు కూలీలందరినీ చుట్టూ కూర్చోబెట్టి, ఈ మడి ఎందుకు వేశామో, ఏది ముట్టకూడదో ఓపికగా చెప్పేవారు. కొందరు సార్లు చెప్పడం నామోషీ అనుకుంటారు. వాళ్ల మడులు ఎప్పుడూ ఏదో ఒక తంటాలోనే ఉంటాయి. మీకు చెప్పని సారు దొరికితే మీరే అడగండి. తిడితే పడండి. అడగకుండా పని మీద పడితే మాత్రం మంగమ్మ కథే.

శిరీష చిక్కుళ్లు

భాస్కరరావు సారు రిటైరయి వెళ్లిన చాలా ఏళ్లకు శిరీష వచ్చింది. పీహెచ్‌డీ చేసే పిల్ల. సత్తుపల్లి వైపు ఊరు. నాన్న ఆయిల్‌పామ్ తోటల్లో గెలలు కోసే పనికి పోతాడు. మొదటి రోజు నన్ను "మేడం" అంది. "నేను అటెండర్‌ని తల్లీ" అంటే, "అయితే పెద్దమ్మా అంటా" అంది. అయిపోయింది, ఆ రోజు నుంచి దానికి నేను పెద్దమ్మనే.

అడవి ఊళ్లలో కోయవాళ్లు తరతరాలుగా దాచుకున్న చిక్కుడు రకాల మీద ఆమె చదువు. ఏ రకంలో బలం ఎక్కువ ఉందో చూడాలి. గుట్ట కింద ఒక చిన్న ఊళ్లో కన్నమ్మ అవ్వ దగ్గర మాత్రమే దొరికే రకం ఒకటి ఉంది. కాయ అంచున నల్లటి గీత, కాటుక పెట్టినట్టు ఉంటుంది. కన్నమ్మ అవ్వ తన చేనులోనే పందిరి వేసుకోనిచ్చింది. పువ్వు విచ్చిన రోజున ఆ గుత్తికి నేను రంగు ఉన్ని దారం కట్టేదాన్ని. ఆ పువ్వు కాయయ్యాక, లేతగా ఉన్నప్పుడే తెంపి, ఐసులో పెట్టి, ఆ రోజే ల్యాబుకు పంపాలి. రెండు రోజులు ఆలస్యమైతే కాయ ముదురుతుంది, ఇక పనికిరాదు. మిగతా ఊళ్లవన్నీ అయిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. ఆమె చదువంతా ఈ నల్లంచు కాయ మీదే నిలబడి ఉంది. ఫెలోషిప్ కూడా ఆ ఏడుతో ముగుస్తుంది. ఇంట్లో అప్పటికే, "ఇంకెన్నేళ్లు చదువుతావే?" అంటున్నారు.

ఆ ఊరికి ఒక కట్టు ఉంది. కొత్త చిక్కుడు కాసినప్పుడు ముందు వాళ్ల దేవతకు పెట్టి పండుగ చేస్తారు. పండుగ కాకుండా కొత్త కాయ నోట పెట్టరు, తెంపి ఊరు దాటనివ్వరు. ఇది మాకు తెలియక కాదు. శిరీష ముందే అడిగి, పండుగ అయ్యాకే కాయలు లేతకొచ్చేలా విత్తనం వేసింది. అంతా లెక్కగానే ఉంది. అంతలో లచ్చయ్య తాత జ్వరం ముదిరి భద్రాచలం దవాఖానాలో చేరాడు. ఊరి పూజ చేసే పెద్ద ఆయనే, వడ్డె అంటారు. వడ్డె లేకుండా పండుగ లేదు. పండుగ వెనక్కి పోయింది. కాయలకు ఆ సంగతి తెలియదు కదా, అవి కాసేశాయి.

ఆ పొద్దున మేం ముగ్గురం పోయాం. శిరీష, నేను, జీపు డ్రైవర్ యాకూబ్. యాకూబ్ మణుగూరులో చేపల దుకాణంలో ఐసు కొని థర్మాకోల్ పెట్టె నింపుకొచ్చాడు. పందిరి నిండా కాయలు, నా దారాలు వాటి మెడలో ఊగుతున్నాయి. లేతదనం దాటకముందు తెంపాల్సిన రోజు అదే.

కన్నమ్మ అవ్వ మేకలను విప్పుకుని పోతూ ఆగింది.

"పండుగ కాలే బిడ్డా."

"తెలుసు అవ్వా," అంది శిరీష.

"నా చేనుల నుంచి కాయ పోతే నన్ను ఊరోళ్ల ముందల నిలబెడతరు. సరే, నిలబడ్త. ఇంకోలింట్ల పిల్లకు జరమొచ్చినా, మేక సచ్చినా, నా చేనుల నుంచే వచ్చిందంటరు. గది మొయ్యలేను."

"తాత ఎప్పుడొస్తాడు అవ్వా?"

"నాకేమెరుక? దవాఖానోళ్లు ఇడిసినప్పుడు." మేకను అదిలించి, మళ్లీ వెనక్కి తిరిగింది. "నేను కావలి ఉండ బిడ్డా. మేకలు తోలుకపోవాలె." అని వెళ్లిపోయింది.

ఆ మాట బరువు మీకు అర్థమైందా? చేను మా చేతుల్లో పెట్టి పోయింది.

ఫోన్‌లో మాట్లాడాలంటే బండ ఎక్కాలి, కింద సిగ్నల్ దొరకదు. శిరీష ఎక్కి గైడు సారుకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది, ఆయన గొంతు మాకు కిందికి వినబడింది. "విత్తనం నాటింది మనం, పందిరి వేసింది మనం. ఇన్నాళ్లు కష్టపడి, ఇప్పుడు దేవతంటావేంటి? తెంపుకుని బయలుదేరండి." ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మీదా పైవాళ్లు ఉన్నారు. కానీ ఆయన ఆ చేనులో నిలబడి లేడు.

శిరీష దిగి వచ్చింది. యాకూబ్ గొంతు సవరించుకున్నాడు.

"మేడం, నేను జీపు అటు తిప్పి పాటలు పెట్టుకుంట. మీరేం జేసిన్రో నేను చూడలే, నాకు తెల్వదు. నాలుగు కాయలకు ఏమైతది?"

"నాలుగైనా కాయలే కదా యాకూబన్నా."

"అవ్, గదీ నిజమే," అని మళ్లీ తనే అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. కళ్లు నిండి ఉన్నాయి. "నువ్వు చెప్పు పెద్దమ్మా. ఏం చేయను?"

తెంపమంటే దాని చదువు నిలబడుతుంది. ఆ పిల్ల నా ఇంట్లో తిన్న పిల్ల, పప్పులో నెయ్యి చాలదని అలిగిన పిల్ల.

"నేను చెప్పను బిడ్డా," అన్నా. "నీ చదువు గురించి నేను చెప్పగలిగేంత దాన్ని కాదు, వాళ్ల దేవత గురించీ కాదు. నువ్వెట్ల చేసినా నేను నీ పక్కనే ఉంట. కానీ ఒక్క మాట. నువ్వు రేపు పెద్ద ఊరికి పోతవ్. నేను గిదే ఊరికి మళ్ల రావాలె, గీ అవ్వ చేతుల మంచినీళ్లు తాగాలె."

ఆమె పందిరి కిందికి పోయి కూర్చుంది. ఒక కాయను అరచేతిలోకి తీసుకుంది, తెంపలేదు. నల్లటి అంచు మీద వేలితో రాసింది. ఎంతసేపు కూర్చుందో! తర్వాత కాయను వదిలి, చేతులు దులుపుకుని లేచింది.

"యాకూబన్నా, ఆ ఐసు వెనక్కి ఇచ్చేద్దాం పద."

"కరిగిన ఐసు వాపసు తీసుకుంటడా మేడం? మన మొహాలు జూసి నవ్వుతడు." పెట్టె ఎత్తి జీపులో పెడుతూ అన్నాడు, "నవ్వనియ్యి. పోదాం."

జీపు ఎక్కాక ఆమె, "భద్రాచలం పోనివ్వు" అంది. నేను అడగలేదు. దవాఖానా దగ్గర టీ కొట్టులో జావ పోయించుకుని లోపలికి పోయాం. లచ్చయ్య తాత మంచం దిగి, లుంగీ సర్దుకుంటూ నర్సమ్మతో కొట్లాడుతున్నాడు.

"నన్ను ఇడువున్రి, ఊళ్లె పండుగున్నది. యూనివర్సిటీ పిల్ల చిక్కుళ్లు ముదురుతున్నయట."

శిరీష వెళ్లి ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆ పిల్లను నేనే తాతా. నా కాయలు ముదిరితే ముదిరినయ్. నువ్వు లేచి మంచిగా నడిచేదాకా పండుగ ఆగుతుంది. ముందు ఈ జావ తాగు."

ఆయన ఆమెను కిందికీ పైకీ చూశాడు. "తెంపలేదా?"

"లేదు తాతా."

ఆయన జావ గ్లాసు అందుకున్నాడు. శిరీష గ్లాసు కింద చేయి పట్టింది.

తర్వాత

కాయలు ముదిరిపోయాయి. గైడు సారు కోప్పడ్డారు, ఆ ఊరిని ఆ ఏడు లెక్కలోంచి తీసేశారు. శిరీష తన రిపోర్టులో, పండుగ కానందున కాయ తెంపలేదని ఉన్నదున్నట్టు రాసింది. ఆ వాక్యం తీసేయమన్నారు. తీయలేదు. ఫెలోషిప్ ఆగిపోయింది. చదువు వదిలేసి పోతుందేమో అని నాకు భయం. పోలేదు. మా కేంద్రంలోనే మొక్కజొన్న ప్రాజెక్టులో అసిస్టెంట్ పని ఖాళీ అయితే చేరింది. పగలు పక్కవాళ్ల అంకెలు ఎక్కించేది, ఆదివారం తన చిక్కుళ్ల కోసం గుట్ట కిందికి పోయేది. వాళ్ల నాన్న ఒకసారి వచ్చాడు, తీసుకుపోదామని. మా ఇంట్లో అన్నం తిన్నాడు, బిడ్డ మొహం చూశాడు, "జాగ్రత్తమ్మా" అని చెప్పి ఒక్కడే బస్సెక్కాడు.

మరుసటి ఏడు కన్నమ్మ అవ్వ మళ్లీ విత్తనం ఇచ్చింది. అడగక ముందే ఇచ్చింది. పందిరి వేశాం, పువ్వు వచ్చింది, దారాలు కట్టాను. ఈసారి ఏమవుతుందోనని శిరీష సరిగా తినేది కాదు. ఇంకో ఏడు ఓపిక ఆమెకూ లేదు, ఇంట్లోవాళ్లకూ లేదు.

ఒక పొద్దున గేటు దగ్గర గొడవ వినబడి నేను పోయాను. వాచ్‌మన్ ఎవరినో ఆపుతున్నాడు. చూస్తే లచ్చయ్య తాత, చేతికర్ర, భుజం మీద తువ్వాలు. అంత దూరం నడిచి వచ్చాడు.

"ఎవరు కావాలె నీకు? పాస్ ఉన్నదా?" అంటున్నాడు వాచ్‌మన్.

"నాకు పాసేంది? చిక్కుడు పిల్ల కావాలె."

నేను లోపలికి పిలుచుకుపోయి కుర్చీ వేశాను. శిరీష పరుగెత్తుకొచ్చింది. ఆయన కర్ర పక్కన పెట్టి, చాలా పెద్ద పని మీద వచ్చినవాడిలా గొంతు సర్దుకున్నాడు.

"నీ కాయ ఎన్నడు తెంపాలె బిడ్డా?"

"ఏం తాతా?"

"ఊరోళ్లం కూసున్నం. పండుగకు ఇంక దినం పెట్టలే. ముందుగాల నిన్ను అడిగి రమ్మన్నరు."

శిరీష నన్ను చూసింది, ఆయన్ను చూసింది, అక్కడే నేల మీద కూర్చుని చున్నీలో మొహం పెట్టుకుంది.

"గిదేంది? దినం చెప్పుమంటే ఏడుస్తది!" అని ఆయన నా వైపు తిరిగి గాభరాపడ్డాడు.

"నా కోసం పండుగ జరపొచ్చా తాతా? తప్పు కాదా?"

"దినం పెట్టుకునేది మేమే. ముందు మా తల్లికి పెట్టాలె, గంతే ఉన్నది. పోయినేడు నువ్వు మా కోసం ఆగినవ్. ఈ ఏడు మేం జర ముందుకు జరుగుతం. గింత దానికి ఏడుపెందుకు, చెప్పు జల్దీ, నేను మళ్ల నడవాలె."

ఆమె చెప్పింది. దానికి ఒక రోజు ముందు పండుగ పెట్టుకున్నారు.

మేం ముగ్గురం కూడా పోయాం. తల్లికి కొత్త చిక్కుళ్లు పెట్టారు, డోలు కొట్టారు, అందరితో పాటు మాకూ ఆకులో వడ్డించారు. తెల్లారి పందిరి దగ్గరికి పోతే, కన్నమ్మ అవ్వ మాకంటే ముందే అక్కడ ఉంది. పక్కింటి ఆడవాళ్లనూ తెచ్చుకుంది. నా దారం ఉన్న కాయ ఏదో, లేని కాయ ఏదో ఒకరికొకరు చెప్పుకుంటూ, ఒక్కొక్కటీ శిరీష దోసిట్లో పెట్టారు. యాకూబ్ ఐసు పెట్టె మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆ రోజు ఒక్క జోకూ వేయలేదు.

శిరీష ఇప్పుడు డాక్టర్ శిరీష. దూరాన ఒక యూనివర్సిటీలో పిల్లలకు పాఠాలు చెబుతుంది, తన కింద పరిశోధన చేసే పిల్లలను అడవి ఊళ్లకు పంపుతుంది. పంపేముందు ఆ ఊరి పెద్దలకు తనే ఫోన్ చేసి, "మీ పండుగలు ఎప్పుడు పెట్టుకుంటున్నారు?" అని అడుగుతుందట. నాకు ఆ మాట చాలు.

మీరు చేరబోయేది అట్లాంటి చోటికి. చదువుకున్నవాళ్లు వస్తారు, పోతారు. ఊరికి గుర్తుండేది మీ మొహం. ఆ చదువుకున్నవాళ్లకు మీరు ఎదురు చెప్పాల్సిన అవసరం రాకపోవచ్చు, వాళ్ల పక్కన నిలబడాల్సిన అవసరం మాత్రం వస్తుంది. అప్పుడు తప్పుకోకండి.

ఇక లేవండి, పొద్దు వాలుతుంది, ఇంట్లో ఎదురుచూస్తారు. మీ పొయ్యి మీద ఎసరు ఆగకుండా ఉండాలి. మీ కొట్టంలో పాడి, మీ గాదెలో గింజ నిండుగా ఉండాలి. మీ అమ్మానాన్నలు మీ పేరు చెప్పుకుని నలుగురిలో నవ్వాలి. మీ ఇంటికి పుట్టబోయే పిల్లలు చల్లగా, నిండు నూరేళ్లు ఉండాలి.